ఇరవై అయిదు లీటర్లు

ఆ పసుపు క్యాన్ ఇమ్మన్నాడు బిదొసెసీ.
ఎన్ని లీటర్లు పొయ్యమంటావన్నాను.
ఖాళీదే కావాలట.
అందులో కంప్యూటర్ కడతాడట.

పోర్తొనోవో రోడ్డు పక్కన
పదకొండేళ్ళుగా పెట్రోలు అమ్ముతున్నదాన్ని.
రాత్రి దొంగతనంగా సరిహద్దు దాటి
పగలు అందరి కళ్ళెదుటే అమ్ముడుపోయే సరుకు.
ఒక గరాటా, వడకట్టే గుడ్డ, గాజు సీసాలు, ఈ క్యాన్లు,
నా కొట్టంతా ఇంతే.
నింపాల్సిన క్యాన్ తప్ప
ఖాళీ క్యాన్ అనేది నేనెరగను.

పైగా దాని ఒంటినిండా నా పద్దులున్నాయి.
అక్షరాలు రావు, మేకు మొనతో గీసుకున్నాను.
చేప బొమ్మంటే లగూన్ గట్టు మీది అయాబా.
పగిలిన అద్దమంటే మోటార్ టాక్సీ అగోసు.
బొమ్మ కింద ఎన్ని గీతలో అన్ని సీసాల బాకీ.
"పద్దులు చెరపనక్కా" అన్నాడు.
ఇచ్చాను. ఊరికే కాదు,
రెండు కొత్త క్యాన్ల ధర పుచ్చుకునే.

నల్లసబ్బుతో కడిగాడు. నిమ్మకాయలతో తోమాడు.
ఇసక పోసి, మూత బిగించి,
చంటిబిడ్డను ఊపినట్టు ఊపాడు.
ఎడారి గాలికి బోర్లించాడు.
నాలుగోనాడు మూతి దగ్గర ముక్కు పెట్టి చూశాను.
ఉంది.
తొమ్మిదోనాడు చూశాను.
ఉంది, కానీ
పక్కింట్లో ఎవరో మాట్లాడుకుంటున్నంత.

కత్తిని బొగ్గుల మీద కాల్చి
పక్క గోడకి కిటికీ కోశాడు.
కోత సరిగ్గా చేప నడుం మీంచి పోయింది.
తల క్యాన్ మీద, తోక ఊడిన ముక్క మీద.
"నా బాకీ!" అని అరిచాను.
వాడు నాలిక కరుచుకుని
ఆ ముక్క నా చేతిలో పెట్టాడు.
స్టూలు కింద దాచుకున్నాను.

ఎవరి ఆఫీసులోనో చచ్చిపోయిన యంత్రం బోర్డు,
కొతొనూ తుక్కు బజారులో బేరమాడి తెచ్చినది,
దాన్ని వెదురు పుల్లలకి కట్టాడు.
అంచులకి వేడి మేకుతో చిల్లులు,
చిల్లుల్లో చేపల వల తాడు.
కిటికీకి తలుపు కుట్టాడు.
దర్జీ అయినా బాగుపడేవాడనుకున్నాను.
క్యాన్ మూతిలోంచి లోపలి వేడి బయటికి ఊదేట్టు
ఒక చిన్న ఫ్యాను.
నేను గరాటా పెట్టే చోటే.

ఇక కరెంటు పెడతానన్నాడు.

నిప్పు సంగతి నాకు తెలుసు.
మోచేతి నుంచి మణికట్టు దాకా
తన పద్దు తనే రాసి పోయింది.
"లగూన్ గట్టుకి తీసుకుపో," అన్నాను,
"నీళ్ళ పక్కన పెట్టు. వైరు పొడుగ్గా లాగు."
వీధి వీధంతా వచ్చింది.
గోడ వెనక నక్కి చూశాం,
పెళ్ళి చూస్తున్నామో పేలుడు చూస్తున్నామో తెలియకుండా.
అయాబా కూడా వచ్చింది, తట్ట నెత్తిమీదే.
వాడు స్విచ్ వేసి
చెవులు మూసుకున్నాడు! కట్టినవాడే!

ఫ్యాను తిరిగింది.
క్యాన్ మూతిలోంచి వెచ్చటి గాలి,
గాలిలో మళ్ళీ ఆ వాసన, ఒక్క క్షణం.
అంతే.
తెర మీద వెలుగు మాత్రం వచ్చింది.

"లోపల ఎంత పడుతుంది?" అనడిగాను.
వాడేదో అంకె చెప్పాడు. లీటర్లు కాదట.
"ముందు ఏం రాయనక్కా?"

కొంగులోంచి ఆ ముక్క తీసి
కిటికీ పక్కన ఆనించాను.
తల, తోక కలిశాయి.
తోక కింద గీతలు ఏడు.
"రాయి," అన్నాను, "అయాబా. ఏడు సీసాలు."

వెనక తట్ట దించిన చప్పుడు.
"ఆరే!" అంది అయాబా.