రంగం నూడుల్స్, పాత వంతెన దగ్గర

నెలకోసారి, ఏడో తారీకున,
శ్రీకాకుళం పాత వంతెన వైపు
కరెంటు మీటర్లు చూసే పని నాది.
పదకొండు వీధులు, నాలుగొందల ముప్పై గుమ్మాలు.
కుక్కలున్న ఇళ్ళు వేరే లెక్క.
ఆఖరి మీటరు దాలమ్మ హోటలుది.
బిల్లు చింపి ఇచ్చేలోపు
"కూకోండి బాబూ, ఎండన పడొచ్చినారు" అంటుంది.
కూర్చుంటాను.

బోర్డు మీద ఎర్రగా 'రంగం నూడుల్స్'.
కాలేజీ కుర్రాళ్ళు
నాటకరంగమా, యుద్ధరంగమా అని నవ్వుకుంటారు.
రంగమంటే రంగూనని తెలిసిన నోళ్ళు
ఈ ఊళ్ళో ఒక్కొక్కటే మూతపడుతున్నాయి.
దాలమ్మ తనంతట చెప్పదు.
అడిగితే మాత్రం
"మా మామ్మ ఆడ బియ్యం మిల్లులో సేసిందట" అంటుంది,
గరిటె ఆపకుండా.
ఆ గరిటె కూడా అక్కణ్ణించి వచ్చిందేనా అన్నాను.
"కాదు, ఇది బుడితి ఇత్తడి."

అరటి దూట సన్నగా తరిగిన చారు,
నలిపిన సెనగపిండి చెక్క, వేయించిన ఉల్లి,
పైన గుప్పెడు ఎండు రొయ్యల పొడి.
రొయ్యలు బందరువానిపేటవి,
చింతపండు సీతంపేట సంతది.
"మరి ఇందులో బర్మా ఏటుందమ్మా?"
ఆమె కాసేపు ఆలోచించి
"కలిపే సెయ్యి" అంది.
ఆ మాట తనకే నచ్చలేదేమో,
"ఏమో, అజినమోటో కావచ్చు" అంది.

వెనక తలుపు తీస్తే నాగావళి.
ఈ నెల నీళ్ళు రెండు పాయలే,
మిగతాదంతా ఇసకా, రెల్లూ,
లాడ్జీల నుంచొచ్చి ఆరుతున్న తెల్ల దుప్పట్లూ.
దుప్పట్లకవతల ఒక ఎర్రకాళ్ళ కొంగ.
తేలినీలాపురం పోతూ ఆగిందో, మంద తప్పిపోయిందో.
ఒంటి కాలి మీద,
క్యూలో టోకెన్ పట్టుకున్న మనిషిలా.

ఆవేళ పక్క బల్ల దగ్గర గవరమ్మ.
పొందూరు నుంచి బ్యాంకు పని మీద వచ్చిందట,
సర్వర్ పనిచెయ్యట్లేదు, రెండింటికి రమ్మన్నారట.
ప్లేటు పక్కన వెదురు పుల్లలు చూసి
"ఇవేటి, పళ్ళు కుట్టుకోడానికా?"
దాలమ్మ మనవడు పట్టుకునే తీరు చూపించాడు, ఒకే ఒకసారి.
నేను ఆరేళ్ళుగా వస్తున్నాను,
ఇప్పటికీ ఫోర్కే.
ఆమె బొటనవేలూ చూపుడువేలూ కలిసి
ఒక్క పోగును పైకి లాగాయి, తెగకుండా,
కంటి ఎత్తు దాకా, ఇంకా పైకి.
నోట్లో పెట్టుకోలేదు.
వెలుతురుకి అడ్డంగా పట్టి చూసింది.
"మోటు నూలు. పది నెంబరుంటాది.
మేం తీసేది వంద."

హోటలంతా నవ్వింది, ఆవిడ తప్ప.
ఆవిడ నిజంగానే లెక్క చెప్పింది.
వాలుగ చేప దవడతో దూదిని దువ్వుతారట,
ఆ సన్న పళ్ళకి చిక్కకుండా ఏ చెత్తా పోదట.
రాట్నం మీదున్నప్పుడు
ఈగ వాలినా చెయ్యి తియ్యకూడదట.
చెబుతూనే తింటోంది,
చెబుతూనే రొయ్యపొడి ఇంకాస్త వేయించుకుంది.

అప్పుడు కొంగ మెడ వంచింది.
తల ఎత్తేసరికి
రెండు పొడుగాటి పుల్లల మధ్య వెండి ముక్కొకటి
కొట్టుకుంటోంది.
"సూసినారా, దానికెవులు నేర్పినారు?" అంది గవరమ్మ.
చేప జారలేదు.
నా ఫోర్కు నుంచి నూడుల్స్ జారాయి, చొక్కా మీదికి,
ఐడీ కార్డులో నా ఫొటో మీదికి.

రెండయింది. ఆవిడ బ్యాంకుకి లేచింది.
పుల్లలు కడిగి, కొంగుతో తుడిచి
"తీసుకెళ్ళొచ్చా?" అని అడిగింది.
ఎందుకో చెప్పలేదు.

దాలమ్మ మాత్రం బిల్లు దగ్గరే ఆగిపోయింది.
"పోయిన్నెల కంటే ముప్పై యూనిట్లు ఎక్కువేటి బాబూ?"
ఫ్రిజ్జు తలుపు సరిగ్గా పడట్లేదమ్మా, అన్నాను.
ఆమె వెళ్ళి తలుపు నెట్టింది. తెరుచుకుంది.
మళ్ళీ నెట్టింది.
ఇంకో పుల్ల తీసి, సగానికి విరిచి,
చిలుకుకి కింద దోపింది.
ఇద్దరం కాసేపు అలాగే నిలబడి చూశాం,
నిలుస్తుందా లేదా అని.