మూడో రోజు

పెద్దాసుపత్రి, మగాళ్ళ సర్జరీ వార్డు.
గుంటూరు మిర్చియార్డు ముఠాకూలీ దరియావలి
కోసి కుట్టిన పొట్ట మీద
స్టెతస్కోపు ఆన్చి మళ్ళీ వింటున్నాను.
ఏమీ లేదు.
సమ్మెనాటి యార్డు.

సెరటోనిన్ అంటే సంతోషమని
పేపర్లో రాస్తారు.
దాని కాపురం నూటికి తొంభైపాళ్ళు పేగుల్లోనే.
లోపలికొచ్చిన ముద్ద గోడని ఒత్తగానే
"ఎత్తు, తొయ్యి" అని
నరాలకి కేకేసే మేస్త్రి అది.
తలకి దక్కేది చిటికెడు.

"గాలి పోయిందా?" అంటే
సిగ్గుపడి అటు తిరుగుతాడు,
నలభై కిలోల టిక్కీలు
రోజుకి రెండొందలు మోసినవాడు.

తెల్లారగట్ల
ఎక్కడో అడుగున ఒక గుడగుడ.
కాసేపటికి దుప్పటి కింద
చిన్న చప్పుడు.
పక్క మంచాలు పగలబడి నవ్వాయి.
మీరాబీ మాత్రం ఫ్లాస్కు అందుకుని
చెప్పులు మరిచి
మెట్లు దిగింది, టీకి.