వెనక వైపు

రాసుకోండి. పేరు ఒదార్కా. ఇంటిపేరు బిలోకిన్.
ద్నీప్రో ఒడ్డున మా ఊరి మ్యూజియంలో
ముప్ఫైయొక్క ఏళ్ళు దుమ్ము తుడిచాను.
బొమ్మల గురించి చదువుకున్నదాన్ని కాను.
వాటి వీపులు మాత్రం నాకు తెలుసు.

మీరంతా ముందు నించుని చూస్తారు.
నేను ఏటా చలికాలంలో, తలుపులు మూసే నెలలో,
ఒక్కోదాన్నీ గోడ మీంచి దించి
బోర్లా పడుకోబెట్టి
పసిపిల్లకి నూనె రాసినట్టు మెల్లగా తుడిచేదాన్ని.
చెక్కకి పురుగు పట్టిన చోట వేలు ఆగేది.
పాత మేకు, దాని పక్కన తొందరపడ్డ కొత్త మేకు,
ఎవరో సుద్దతో వేసి చెరిపేసిన అప్పుల లెక్క,
ఏ సంత నించి వచ్చిందో, పోని చేపల వాసన.
వెన్ను చూపడం పిరికితనమంటారు గానీ
అవి నిజాలన్నీ అక్కడే దాచుకున్నాయి.

వాళ్ళు ఆకులు రాలే రోజుల్లో వచ్చారు.
నాలుగు లారీలు. ఒకదాంట్లో అప్పటికే ఎవరిదో పియానో.
మా కిటికీ తెరలు పీకి, వాటిలోనే చుట్టారు.
"జాగ్రత్త చేస్తున్నాం" అన్నాడు
తోలు చేతితొడుగుల పెద్దమనిషి.
ఆ మాట ఎంత మెత్తగా అన్నాడో!
కాసేపు వాననీళ్ళ వరండాలో నిలబెట్టారు,
మొహాలు గోడకి తిప్పి,
తప్పు చేసిన బడిపిల్లల్లా.
అప్పుడు చూశాను, వరసగా, అన్నిటి వీపులూ.
నలభై రెండు.

నేను తెచ్చుకున్నది ఒకటే.
కోసిన పుచ్చకాయ, కత్తి, ఒక ఈగ.
గీసినవాడి పేరు లేదు.
గొప్పదని తీయలేదు,
తలుపు పక్కన ఉంది, నా వీపంత ఉంది, అంతే.
చీపుళ్ళ గదిలో శాలువాతో కట్టుకున్నాను,
దాని వీపు నా వీపుకి ఆనించి.
పైన కోటు.
గేటు దగ్గర కుర్రాడు, మీసం కూడా సరిగా రానివాడు,
"ఏంటవ్వా, అంత నిటారుగా?" అన్నాడు.
"నడుం నొప్పి నాయనా, పట్టీ వేశారు."
"మా అమ్మమ్మకీ అంతే" అని గేటు తీశాడు.
వాడి మీద కోపం ఇప్పటికీ సరిగా కుదరడం లేదు.

ఆ రాత్రే రొట్టెల బల్ల అడుగున బిగించేశాం.
"తెచ్చేదేదో ఆ బంగారు అంచు మరియమ్మని
తేకూడదూ" అన్నాడు మా పంతెలీ.
నిజమే. ఇప్పటికీ నిద్రలో ఆ తల్లి
లారీ వెనక నించి నన్నే చూస్తుంటుంది.
చలికాలమంతా ఆ బల్ల మీదే పిండి పిసికాను.
బాంబు పడ్డప్పుడల్లా దాని కిందకే దూరాం,
ఆయనా, నేనూ, నెత్తి మీద పుచ్చకాయా.

ఇక మీరు తెచ్చిన ఈ ఫొటో.
ఎక్కడో హాలు, కొత్త చట్రం, కొత్త పేరు, మంచి దీపం.
నది, రెల్లు, పడవలో ఎర్ర రవిక ఆడమనిషి.
మీ ఊరిదేనా అంటున్నారు.
మొహం చూసి నేనెలా ప్రమాణం చేయను?
బొమ్మల్లో నదులన్నీ ఒకలాగే పారతాయి.

దాన్ని తిప్పమనండి.
ఎడమ మూల, అడ్డచెక్క మీద,
బొటనవేలంత తెల్ల పెయింటు మరక ఉంటుంది.
కిటికీలకి రంగు వేసిన ఏడాది
నా చేతిలోంచే పడింది.
జీతం కోస్తారని ఎవరికీ చెప్పలేదు.

రాసుకోండి ఇప్పుడు.
ఆ తప్పు నాదే.