ఎడమచేతి పని

నర్సాపురం కాలేజీ వెనక, రొయ్యల మేత గోడౌన్లో
పది మీటర్లు కొలిచి సుద్దగీత గీశాం.
హవల్దారు పోలరాజు గారు సంచిలోంచి
మూడు ముందుపిడులు తీసి బల్లమీద పెట్టారు.

రబ్బరుది చెమటకి జారింది.
నల్లటి ప్లాస్టిక్‌ది మెరిసింది, మగపిల్లలు దానికే ఎగబడ్డారు;
నా చిటికెనవేలికి దాని మీద చోటే దొరకలేదు.
మూడోది చెక్క. అంతర్వేదిలో పడవలు కట్టే మేస్త్రి
మిగిలిన టేకుముక్క తొలిచి ఇచ్చాడట.
కాస్త వంకర. నా అరచేతికీ అదే వంకర.

"పిసక్కు, అదేం కోడిమెడ కాదు.
మోచెయ్యి పక్కటెముకకి ఆన్చు. బరువు ఎముక మొయ్యాలి."
విన్నాను. గుండు మాత్రం అట్ట దాటి
మేతబస్తాలో దూరింది. సన్నగా చేపపొడి కారింది.

ఆ రాత్రి కరెంటు పోయింది.
అమ్మ గుమ్మంలో సెల్‌ఫోను వెలుగులో లేసు అల్లుతోంది,
డజనుకింతని ఏజెంటు లెక్కగట్టే పువ్వులు.
కుడిచేతి సూది చకచకలే ఎవరైనా చూసేది.
నేను మొదటిసారి ఎడమచెయ్యి చూశాను:
చూపుడువేలి మీదుగా దారం,
బిగించదు, వదలదు,
వెళ్తానంటే వెళ్ళనిస్తుంది.

"ఎలా పట్టుకున్నావే?"
"పట్టుకోలేదే. ఆనుకుని ఉంది," అంది తలెత్తకుండా.

పొద్దున్న చెక్కపిడి కింద అరచెయ్యి పరిచాను,
వేళ్ళు నిద్రపోయినట్టు.
సగం ఊపిరి వదిలాక, ఎప్పుడు పేలిందో.

పోలరాజు గారు అట్ట దగ్గర చాలాసేపు వంగి
"తొమ్మిది" అన్నారు. ఆగి,
"మీ ఇంట్లో ఎవరైనా తుపాకీ పట్టారా?"
"లేసండి," అన్నాను.
రేవులో పంటు కూతేసింది, ఆయనకి వినబడలేదు.