నిశానీ

ఎనిస్ ఊరి లైబ్రరీలో మైక్రోఫిల్మ్ అయిపోయి
రీలు చివర టపటపా కొట్టుకుంటోంది,
ఒడ్డున పడ్డ చేప తోకలా.
ఈ పారిష్‌లో బాప్తిస్మాల పుస్తకం
పద్దెనిమిది వందల ముప్ఫై ఆరు నుంచే ఉందట.
ఓడ లెక్క నిజమైతే
నువ్వు పుట్టింది ముప్ఫై నాలుగులో.
రెండేళ్ళు ఆగలేకపోయావా, హొనోరా?

బాలరాట్ నుంచి వచ్చాను నీ కోసం,
మోకాలి ఆపరేషన్ వాయిదా వేసుకుని.

ఓడ జాబితాలో నువ్వు హానర్‌వి.
పెద్దకొడుకు పుట్టిన కాగితంలో నోరావి.
మూడో పిల్ల పోయిన కాగితంలో నానోవి,
ఆ రోజు నువ్వు మాట్లాడే స్థితిలో లేక
పక్కింటామె చెప్పి ఉంటుంది.
ఇక ఇంటిపేరు!
మల్విహిల్, మల్వీల్, మెల్విల్,
ఒకచోట ఏకంగా మిచెల్.
ఎవరి చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్నారు,
నువ్వు ఒక్కటీ దిద్దలేదు.
చదువు రానివాళ్ళకి అచ్చుతప్పులు ఉండవు.

వయసు మాత్రం నువ్వే దిద్దుకున్నావు.
ఓడెక్కినప్పుడు ఇరవై,
నాలుగేళ్ళ తర్వాత పెళ్ళిలో ఇరవై ఒకటి.
దాచుకున్న ఏళ్ళన్నీ
సమాధి రాయి మీద ఎవరో
వడ్డీతో సహా కలిపేశారు.

పోనీ జనాభా లెక్కల్లో చూద్దామంటే
డబ్లిన్‌లో కాలిపోయాయి, ఇరవై రెండులో.
కాగితాల మసి ఊరంతా రాలిందట.
ఎవరి పెరట్లోనో ఆరేసిన దుప్పటి మీద
నువ్వూ, మీ అమ్మా, నాకు పేరు తెలియని మీ నాన్నా
నల్లగా వాలి ఉంటారు.
ఆ ఇల్లాలు విసుక్కుని దులిపేసి ఉంటుంది.

భూమి పన్ను పుస్తకంలో ఒక ఇల్లు దొరికింది.
విలువ ఐదు షిల్లింగులు. పక్కన ఒక్క మాట: ఖాళీ.
మీదో కాదో.
ఐదు షిల్లింగుల ఖాళీలు ఆ పేజీలో పదకొండున్నాయి.

మా నానమ్మ చెప్పేది,
జడ అమ్ముకుని టికెట్ కొన్నావని.
ఆమె చెల్లెలు వినిఫ్రెడ్ చెప్పేది,
జడ కాదు, ఎవరిదో ఆవునని.

సాయంత్రం, పుస్తకాల చీటీ మీద సంతకం పెట్టమన్నాడు
బల్ల దగ్గర కుర్రాడు, ఫియాక్రా.
పెట్టాను. పెడుతూనే చెరిపాను.
చిటికెన వేలి పక్కంతా సిరా.
"ఎడమచేతి వాటమా?" అన్నాడు నవ్వుతూ.

ఆ చేతి మీద సిస్టర్ ఇగ్నేషియస్ స్కేలు విరిగింది.
ఇదెవరి పోలికో మా వైపు లేదు అనేది అమ్మ.
మా వైపూ లేదు అనేవాడు నాన్న.

ఫైల్లోంచి నీ పెళ్ళి పుస్తకం ఫోటో తీశాను.
ముప్ఫై ఏళ్ళుగా నా దగ్గరున్నదే.
గుమాస్తా రాసిన నీ పేరు ఎడమ పక్క,
ఇంటిపేరు కుడి పక్క,
మధ్యలో నీ నిశానీ, ఒక ఇంటూ మార్కు,
కాస్త ఒరిగి, తలుపుకి అడ్డం పెట్టిన రెండు కర్రల్లా.
పేరు మీద మాత్రం సిరా అలికినట్టుంది,
మొదటి అక్షరం తప్ప ఏదీ తెలియదు.
ముప్ఫై ఏళ్ళు ఆ గుమాస్తాని తిట్టుకున్నాను.

ఇంటూ పెట్టడానికి ఎడమచెయ్యి చాపితే
అది ఆనేది సరిగ్గా అక్కడే కదా,
ఇంకా తడి ఆరని నీ పేరు మీద?

నీ గురించిన రాతలన్నీ పరాయి చేతివి.
నీ చెయ్యి చేసిందల్లా ఈ రెండు గీతలు,
ఈ చెరుపు.

ఫియాక్రా భూతద్దం పెట్టి చూశాడు.
చెమ్మ కావచ్చన్నాడు,
పెళ్ళికొడుకు చొక్కా చెయ్యి కావచ్చన్నాడు.
నిజమే. వంశవృక్షం ఫారంలో
దీన్ని రాయడానికి గడి కూడా లేదు.

లైబ్రరీ మూసేశారు. వాన.
బస్సులో పక్కనున్నావిడ నా చెయ్యి చూసి
టిష్యూ కాగితం ఇవ్వబోయింది.
వద్దన్నాను.