కుడి పక్క

ఆయమ్మ మాల్టా నించి వచ్చింది.
యాడుండాది ఆ ఊరు అంటే
ఆఫీసు గోడకున్న పటం మీద సుగుణ మేడం వేలు పెట్టింది.
వేలు తీస్తే కనపడింది ఊరు,
సముద్రంలో రాలిపోయిన మిరియపు గింజ.
మూడు విమానాలు మారినాదంట.
నాకు చిత్తూరు బస్సెక్కితే
పూతలపట్టు రాకముందే కడుపులో తిప్పుతాది.

గంగ మాకు జాతరలో దొరికింది.
బైరాగి వేషం నాడు, తాతయ్యగుంట వీధిలో
చెప్పులంగడి బల్ల కింద.
ఒళ్లంతా సుద్ద పూసుకున్న పిల్లోడెవరో ఎత్తుకొచ్చి
పోలీసాయన చేతిలో పెట్టినాడంట.
ఆ సుద్ద బిడ్డ చెంపకి అంటుకోనుండాది.
తడిగుడ్డతో తుడిచినా.
తుడస్తా తుడస్తానే పేరు పెట్టినా.

ఎడమ చెవి సంగతి ముందు డాక్టర్లకి తెలీదు.
అటుపక్క చిటిక వేస్తే కన్నన్నా తిప్పలేదు.
ఇటుపక్క వేస్తే నవ్వింది.
ఆ రాత్రి నించి నాలుగేండ్లు
నేను కుడి పక్కనే పడుకున్నా.

కాగితాల్లో అంతా ఎక్కించినారు తర్వాత.
ఎత్తు, బరువు, పండ్లెన్ని,
ఎడమ చెవి: లోపం.
చీకట్లో ఆ పక్కన ఎవరు పడుకున్నా
బిడ్డకి పక్కన ఎవరూ లేనట్టే
అని రాసే గడి ఆ కాగితంలో లేదు.

కార్మెనా ఆయమ్మ పేరు.
నా నోట్లో కరుమేనమ్మ అయింది.
వారం దినాలు పొద్దున్నే వచ్చి
మా నడవలో చాప మీద కూర్చునేది.
చిన్న పుస్తకంలో వాళ్ల అక్షరాల్లో రాసుకునేది:
దా. చాలా? నొప్పా? పడుకో.
ఊరిబిండి నాలిక్కి తగిలి కండ్లలో నీళ్లొస్తే
గంగ పడీపడీ నవ్వి
చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది, నన్నడక్కుండా.

అన్నీ చెప్పినా ఆయమ్మకి.
తలకి నూనె ఎంత, జ్వరమొస్తే ఏం చేసేది,
ఉరిమితే యాడ దాక్కుంటాదో.
కుడి పక్క సంగతి మాత్రం చెప్పలేదు.
నా దగ్గిర ఒకటన్నా ఉండనీ అనుకున్నా.

కలెక్టరాఫీసు వరండాలో మూడు గంటలు.
భూమి అర్జీ పట్టుకోనొచ్చిన ముసలాయన
గంగ గడ్డం పట్టుకోని అడిగినాడు,
ఎవరి బిడ్డమ్మా?
ఇద్దరం ఒకేసారి తలెత్తినాం.
తెలుగు రాదు కదా ఆయమ్మకి,
ఎట్లా తెలిసిందో.

పంపేటప్పుడు బిడ్డకి అబద్ధం చెప్పొద్దని
ట్రైనింగులో మాకు రెండుసార్లు చెప్పినారు.
రేణిగుంట విమానాల కాడ, గేటు ముందర
గంగ అడిగింది, నీ పాస్‌పోర్టు యాడ?

వెనక బండికొస్తా అని నోటిదాకా వచ్చింది.
మింగినా.
నేను రాను నాయనా. నేను ఈడే ఉంటా.

కొంచేపు చూసింది నన్ను.
మెల్లగా మొగం తిప్పి
ఎడమ చెవి నా పక్కకి పెట్టింది.

ఇంగ నేనేం చెప్తే ఏం.
అయినా చెప్పినా, ఆ చెవిలోనే,
నాలుగేండ్లూ వినపడే చెవిలో
చెప్పడానికి ధైర్యం రాని మాట.

పోతాండారు ఇద్దరూ.
బిడ్డకి ఎడమ పక్కన ఆయమ్మ,
వొంగి ఏదో అడగతా ఉండాది.
జవాబు లేదు.
మళ్లా అడిగింది. లేదు.
నాలుగడుగులేసి ఆగింది.
సంచీ ఈ చేతిలో నించి ఆ చేతికి మార్చుకోని
బిడ్డ చుట్టూ తిరిగొచ్చి
కుడి పక్కన నిలబడి
అప్పుడు చెయ్యి పట్టుకునింది.
అద్దం తలుపు మూసుకునింది.

రాత్రికి శ్రీకాళహస్తి నించి ఇంకొక బిడ్డొచ్చినాడు.
పదకొండు దినాల వాడు, బొడ్డు ఇంకా సరిగ్గా మానలా.
పాలు తాపి, గుడ్డ మార్చి
ఎడమ చెవి కాడ చిటిక వేసినా.
కుడి చెవి కాడ వేసినా.
రెండు పక్కలా ఉలిక్కిపడినాడు.

ఏ పక్క పడుకోవాల్నో తెలీక
చానా సేపు
చాప మీద కూర్చోనే ఉన్నా.