బూట్ల అర

ఇంచాన్ రేవు వెనక సందులో
కోడి వేపుళ్ళ కొట్టు, దాని మీద బిలియర్డ్స్ గది,
ఆ మీద ఎప్పుడో మూతపడ్డ ట్యూషన్ సెంటరు,
అన్నిటికీ పైన మా మందిరం.
లిఫ్టుకు మరమ్మతు కాగితం అంటించి
మూడు చలికాలాలైంది.
"ఆయన దగ్గరికి మెట్లే నయం" అంటుంది ఒక్‌బున్ అవ్వ
ప్రతి మలుపులో మోకాలు పట్టుకుని ఆగుతూ.

తెల్లవారుజాము నాలుగూ నలభై.
నా చివరి డెలివరీ రెండు గిన్నెల పులుసు,
పదిహేడో అంతస్తు.
గుమ్మం ముందు పెట్టి ఫోటో తీసి పంపాను.
ఐదు నక్షత్రాలొచ్చాయి, మనిషి రాలేదు.
తూర్పు జ్ఞానులు ఒక్క నక్షత్రాన్ని నమ్ముకుని
అంత ఎడారి దాటారట.
నాకు ఐదున్నా
ఎటు పోవాలో తెలియక ఇటొచ్చాను.

గుమ్మం పక్కన చెక్క అర.
ఆరు జతలు, ఏడోది నాది.
ఫోను జేబులో వేసుకుని లోపలికి పోతుంటే
అవ్వ నా జేబు వంక చూసింది:
"అదీ ఊరంతా తిరిగొచ్చిందేగా గ్యుహ్వాన్,
బూటులో పెట్టు."

లోపల మైకు లేదు, తెర లేదు.
కిరోసిన్ హీటరు మీద బార్లీ నీళ్ళ కెటిల్
సన్నగా మూలుగుతోంది.
పాస్టరు నామ్‌గుంగ్ గారు పగలు ట్యాక్సీ నడుపుతాడు,
మీటరు తిరుగుతున్నట్టే
పది నిమిషాల్లో వాక్యం ముగించి
దీపాలు ఆర్పేస్తాడు.
ఇక ఎవరి చీకటి వాళ్ళది.

కొత్త పట్టణంలో అద్దాల మందిరానికీ వెళ్ళాను.
పొగ, నీలి వెలుగు, కింద కాఫీ షాపు.
అక్కడా ఏడ్చాను, అబద్ధమెందుకు,
ఏ పాటకు ఏడ్చానో మాత్రం
మెట్రో ఎక్కేలోపే మర్చిపోయాను.
ఫోనులో వాక్యం చదివే యాప్ ఒకటి ఉండేది.
నూట పన్నెండు రోజులు
దానిలో మంట గుర్తు ఆరకుండా కాపాడాను.
నూట పదమూడో రోజు వానలో బైకు జారింది.
మణికట్టు విరిగినందుకు కాదు
వరస తెగినందుకు ఏడ్చాను ఆసుపత్రిలో.
అప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది.

అవ్వకు చదువు రాదు.
చేపల బజారులో పీతలు కడుగుతుంది,
గోళ్ళ సందుల్లో ఉప్పు తెల్లగా మిగిలిపోయింది.
ఆమె ప్రార్థన నాకు వినపడుతూనే ఉంటుంది:
"నిన్నటిది సరిపోయింది.
ఇవాళ్టిది ఇవ్వు."
అంతే.
తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు.
ఒక్కోసారి చిన్న గురక.

ఆవేళ కూడా అక్కడిదాకా వచ్చిందో లేదో
అరలో నా బూటు వణకడం మొదలెట్టింది.
వాన పడుతోంది కాబోలు, రేటు రెట్టింపై ఉంటుంది.
చెక్క మీద గుర్‌ర్ గుర్‌ర్,
కాలు లేకుండానే పరుగెత్తేలా ఉంది.
ఎవరూ తల తిప్పలేదు.

కూర్చున్నానని చెప్తే బాగుంటుంది.
కానీ లేచాను.
ఒక బూటు తొడిగి, రెండోది చేత పట్టుకుని
ట్యూషన్ సెంటరు పాత బోర్డు దాకా దిగి
తెర చూశాను.
ఆర్డరు ఇంకెవరికో వెళ్ళిపోయింది.
చెయ్యి మీద ఆ వెలుగు
కాసేపు అలా పడి ఉండి, ఆరిపోయింది.
కింద సందులో ఇంకొకడి బైకు
స్టార్టయి వెళ్ళిపోయింది.
వాడి చేతులూ చల్లగానే ఉంటాయి, పాపం.

మళ్ళీ ఎక్కాను.
మెట్లు ఇందాకటికన్నా ఎక్కువున్నాయి.
నా చోట దిండు అలాగే ఉంది,
చల్లారకుండా దాని మీద
అవ్వ తన ఉన్ని శాలువా కప్పి ఉంచింది.
కళ్ళు మాత్రం తెరవలేదు.

నాకేమో సొంత మాటలు రాలేదు.
ఆమెవే అరువు తీసుకున్నాను.
నిన్నటిది సరిపోయింది, అనబోయి
ఆగాను.
ఆయన ముందు అది చెల్లదు.

"నిన్నటిది సరిపోలేదు.
ఇవాళ్టిది ఇవ్వు."

కెటిల్ మూత ఒకసారి ఎగిరి
మళ్ళీ తన చోట కూర్చుంది.